నెగిటివ్ వచ్చిన గర్భిణికి మాత్ర సంగతి ఎవరు చెప్పాలి?

గుంటూరు, విజయవాడ ప్రభుత్వాసుపత్రుల్లో గర్భిణి పేరు రాయించుకోగానే హెచ్‌ఐవీ పరీక్ష చేస్తారు. ‘నాన్ రియాక్టివ్’ అని కాగితం వస్తే ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకుంటారు. హెచ్‌ఐవీ రాకుండా రోజూ వేసుకునే ప్రెప్ మాత్ర ఒకటుందని ఆమెకు తెలిసే అవకాశం తక్కువ. 2021 అంచనాల్లో ఆంధ్రప్రదేశ్ పెద్దల్లో వ్యాప్తి 0.67 శాతం, దేశ సగటు 0.21. అంటే ఇది మనకు పట్టని విషయమేమీ కాదు.

తల్లి నుంచి బిడ్డకు హెచ్‌ఐవీ సోకకుండా మన దగ్గర నడిచే కార్యక్రమంలో మందులన్నీ పాజిటివ్ తల్లి చుట్టూనే అల్లుకున్నాయి. 2002లో మొదలైనప్పుడు ఉన్నది నెవిరపిన్ ఒక్కటే: నొప్పులు రాగానే తల్లికి 200 మిల్లీగ్రాములు, 72 గంటల్లోపు బిడ్డకు ఒక్క మోతాదు. ఆ ఒక్క మాత్రకే వైరస్ మొండికేసి మందుకు లొంగకుండా పోయేది. 2014 నుంచి పాజిటివ్ గర్భిణులందరికీ జీవితాంతం మూడు మందుల చికిత్స వచ్చింది.

ప్రెప్ దారి వేరు. టెనోఫోవిర్ 300, ఎమ్‌ట్రిసిటబిన్ 200 మిల్లీగ్రాములు కలిసిన మాత్రకు 2012లో అమెరికా అనుమతిచ్చింది. అంతకుముందు కెన్యా, ఉగాండాల్లో ఇద్దరిలో ఒకరికే హెచ్‌ఐవీ ఉన్న దంపతులపై జరిగిన పరిశోధనలో, గర్భం వచ్చిన స్త్రీలకు మాత్ర ఆపేశారు. ఆ జాగ్రత్తే తర్వాత డాక్టర్లలో జంకుగా మిగిలింది. నిజానికి పాజిటివ్ గర్భిణులు ఏళ్లుగా వేసుకుంటున్న మందే టెనోఫోవిర్. గర్భిణులు, బాలింతలు ప్రెప్ వాడొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో స్పష్టం చేసింది.

ముప్పు ఎక్కువయ్యేదీ అప్పుడే. అలాంటి ఆఫ్రికా దంపతులపై 2018లో వెలువడిన అధ్యయనంలో, ఒక్కో కలయికకు స్త్రీకి సోకే అవకాశం, గర్భం లేనప్పటితో పోలిస్తే నిండు నెలల్లో దాదాపు మూడు రెట్లు, కాన్పు తర్వాత నాలుగు రెట్లు. కొత్తగా సోకిన వారాల్లో రక్తంలో వైరస్ విపరీతంగా ఉంటుంది, పాల ద్వారా బిడ్డకు చేరొచ్చు. మన దగ్గర ఇంకో చిక్కు: మొదటి పరీక్ష అత్తారింటి ఊళ్లో, కాన్పు పుట్టింట్లో. నెలలు నిండాక చేయాల్సిన మరో పరీక్ష, కార్డులో పాత ఫలితం ఉంది కదా అని జారిపోతుంది.

భర్త పాజిటివ్, మందులు ఈమధ్యే మొదలుపెట్టాడనుకోండి. వైరస్ అణగడానికి ఆరు నెలలు పట్టొచ్చు. ఆ వ్యవధిలో భార్యకు ప్రెప్ అక్కరకొస్తుంది. ముందు ఆమెకు హెచ్‌ఐవీ లేదని తేలాలి: సోకినవారు ఈ రెండు మందులే వేసుకుంటే వైరస్ వాటికి లొంగకుండా పోతుంది. హెపటైటిస్ బి, మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్ కూడా చూస్తారు. స్త్రీలు రోజూ వేసుకోవాలి, కనీసం ఏడు రోజులకు గానీ రక్షణ కుదరదు. మగవారికి చెప్పే ‘ముందు రెండు, తర్వాత ఒక్కొక్కటి’ పద్ధతి వీరికి పనికిరాదు. మూడు నెలలకోసారి మళ్లీ పరీక్ష. పాలలోకి చేరే మందు అతి స్వల్పం, కాబట్టి పాలిస్తున్నామని ఆపక్కర్లేదు. ఆపించేది ఎక్కువగా వేవిళ్లూ, డబ్బా చూసి అత్తగారు అడిగే ప్రశ్నలూ.

అప్పటికే కలయిక జరిగిపోయి ఉంటే ప్రెప్ కాదు, 72 గంటల్లోపు మొదలుపెట్టి 28 రోజులు వేసుకునే పెప్ మందులు కావాలి. ఎక్కడికెళ్లాలో తెలియకపోతే జాతీయ ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097కు ఫోన్ చేయొచ్చు.