కోడిని తరిమిన ఉద్యోగి

చి. చిన్నికి, బాబుకి తాతయ్య ఆశీస్సులు.

కుక్కలను పట్టే పొడుగుకర్రను క్యాచ్‌పోల్ అంటారు కదా, మరి పాత ఇంగ్లీషు కథలో అదే పేరుతో ఓ మనిషి బాకీ పడ్డవాళ్ల వెంట పడ్డాడేమిటని అడిగావు చిన్నీ. కర్ర పట్టుకున్న బంట్రోతేమో అనుకున్నాను నేనూ. కాదు. ఆ 'పోల్' కర్ర కాదు, కోడి!

1066లో నార్మన్లు ఇంగ్లండును గెలిచాక వాళ్ల ఫ్రెంచి అక్కడి కచేరీల్లో తిష్ఠ వేసింది. అందులో 'క్యాచ్' అంటే తరమడం. మీ క్రికెట్ క్యాచ్ అదే. లాటిన్‌లో కోడిపిల్ల 'పుల్లుస్'. పౌల్ట్రీ కూడా ఆ గంప కింది పిల్లే. పన్ను వసూలుకొచ్చే ఉద్యోగి, డబ్బుల్లేవంటే పెరట్లో కోడిని పట్టుకుపోయేవాడు గనక ఆ పేరు.

కోడిని పట్టడమంటే మాటలా? నా చిన్నప్పుడు పొద్దుగూకే వేళ గంప కింద కమ్మే పని నాదే. తొమ్మిది బుద్ధిగా దూరేవి, పదోది గడ్డివాము ఎక్కేది. నూకలు చల్లినా రాదు, బతిమాలినా రాదు. ఆ ఉద్యోగి పాట్లూ ఇవే అయ్యుంటాయి: గుమ్మంలో వాడు, దొడ్డిదారిన బాకీదారు. కాకపోతే పాపం, కోడి ఎవరికీ బాకీ పడలేదు. పెద్దవాళ్ల లెక్కలు తేలకపోతే ముందు పోయేది ఇలాంటి నోరులేనివే, గుర్తుంచుకోండి.

తర్వాత్తర్వాత వాడు షెరీఫ్ చేతికింద బాకీదార్లనే పట్టుకుపోయే ఉద్యోగి అయ్యాడు. మన కోర్టు అమీనా లాంటివాడనుకో. స్పెల్లింగు చివర రెండు ఎల్‌లు పెడితే తల అనే పాత ఇంగ్లీషు మాటలా, ఒక ఎల్ పక్కన ఈ పెడితే కర్రలా కనిపిస్తుంది. రెండు రకాలుగానూ రాస్తారు. కోడి మాత్రం ఎందులోనూ కనిపించదు.

ఉద్యోగం పోయినా ఇంటిపేరుగా మిగిలింది. ఇంగ్లండులోని సఫోక్‌లో 1762లో పుట్టిన మార్గరెట్ క్యాచ్‌పోల్ 1797లో గుర్రాన్ని దొంగిలించి దొరికిపోయింది, 1800లో జైలు గోడ దూకింది, మళ్లీ దొరికింది. శిక్షగా ఆస్ట్రేలియా పంపేశారు. పట్టేవాడి పేరు పెట్టుకుని ఎన్నిసార్లు పట్టుబడిందో చూడు!

వేసవికి వచ్చినప్పుడు మన ఎర్రపుంజును ఒక్కసారి పట్టి చూపించండి. బాబూ, బూట్లు విప్పి మరీ పరిగెత్తాలి.

తాతయ్య