నీలం మచ్చ చెరిపేస్తే సరిపోదు

ఒక పాఠకుడు పంపిన ప్రశ్న ఇది. స్టెయిన్‌లెస్ స్టీల్ గొట్టాలతో మెట్లకు రెయిలింగ్ చేయించుకున్నారట. వెల్డింగ్ పెట్టిన చోటల్లా పసుపు, ఊదా, నీలం మచ్చలు వచ్చాయి. పనివాళ్లు బఫింగ్ చక్రం, అంటే మెరుగు పెట్టే మెత్తటి చక్రం, పట్టి వాటిని చెరిపేసి, ధగధగా మెరిపించి వెళ్లారు. ఒక వానాకాలం గడిచింది. గొట్టం పొడవునా ఏమీ కాలేదు కానీ, అంత శ్రద్ధగా మెరిపించిన అతుకుల పక్కనే తుప్పు చుక్కలు లేచాయి. "నాకు నకిలీ స్టీల్ అంటగట్టారా?" అని అడుగుతున్నారు.

స్టీల్ అసలుదే అయ్యుండొచ్చు. తేడా వచ్చింది పాలిష్‌లో. మెరుపుకీ తుప్పు పట్టకపోవడానికీ ఏదో చుట్టరికం ఉందని మనకో నమ్మకం. నిజానికి మసకగా, బూడిదరంగులో ఉన్న గొట్టం ఏళ్ల తరబడి చెక్కుచెదరకుండా ఉండొచ్చు, మెరిసేది ఆర్నెల్లలో చెడిపోవచ్చు.

స్టెయిన్‌లెస్ స్టీల్ అంటే కనీసం 10.5 శాతం క్రోమియం కలిసిన ఉక్కు. ఎక్కువగా వాడే 304 రకంలో క్రోమియం 18 శాతం, నికెల్ 8 శాతం దాకా ఉంటాయి. 1913లో షెఫీల్డ్‌లో హ్యారీ బ్రెయర్లీ స్టెయిన్‌లెస్ స్టీల్‌ను తయారుచేసిన కథ అందరూ చెప్పేదే, వదిలేద్దాం. "పైన క్రోమియం ఆక్సైడ్ పొర ఏర్పడి లోహాన్ని కాపాడుతుంది" అని పాఠ్యపుస్తకం ఒక్క ముక్కలో తేల్చేస్తుంది. ఆ పొర ఎంత మందం? అందులో క్రోమియం ఎక్కడిది? క్లాసులో ఎవరైనా ఈ రెండు ప్రశ్నలు వేస్తే బాగుండును. జవాబంతా వాటిలోనే ఉంది.

ముందు మందం సంగతి. మేలుచేసే పొర మందం రెండు మూడు నానోమీటర్లు, అంటే మీటరులో వందకోట్లో వంతుకి రెండు మూడు రెట్లు. గీత పడితే అక్కడ గాలి తగిలి మళ్లీ తనంతట తానే ఏర్పడుతుంది. కంటికి కనిపించదు. వెల్డింగ్ పక్కన వచ్చే రంగులు కూడా ఆక్సైడ్ పొరవే, కాకపోతే చాలా మందమైనవి. ఆ పొర మీద వెలుగు పడితే పైభాగం నుంచి కొంత వెనక్కి వస్తుంది, కొంత లోపలికి దిగి లోహాన్ని తాకి తిరిగొస్తుంది. రెండోది ఎక్కువ దూరం నడిచింది కాబట్టి వెనకబడుతుంది. ఏ రంగు తరంగానికైనా ఈ వెనకబాటు సరిగ్గా సగం తరంగమైతే, ఒకదాని ఎత్తు మీద ఇంకోదాని పల్లం పడి ఆ రంగు చచ్చిపోతుంది. ఆక్సైడ్ వక్రీభవన గుణకం, అంటే అందులో వెలుగు ఎన్ని రెట్లు నెమ్మదిస్తుందో చెప్పే అంకె, 2.4 అనుకుందాం. 450 నానోమీటర్ల నీలం కాంతి చావాలంటే 450ని 4తోనూ (సగం తరంగం కాబట్టి రెండు, పోనూ రానూ దారికి ఇంకో రెండు) 2.4తోనూ భాగించాలి. దాదాపు 47 నానోమీటర్లు వస్తుంది. తెల్లని వెలుగులోంచి నీలం పోతే మిగిలేది పసుపు. పొర ఇంకా పెరిగితే ఆకుపచ్చ వంతు వస్తుంది, మనకు ఊదా కనిపిస్తుంది. తర్వాత నారింజ, ఎరుపు పోతాయి, నీలం మిగులుతుంది. గాలిలో వేడెక్కిన 304 మీద రంగులు కూడా ఇదే వరసలో వస్తాయి. సుమారు 300 డిగ్రీల సెల్సియస్ దగ్గర లేత పసుపు, 450 దగ్గర ముదురు ఊదా, 540 దాటాక నీలం. ఒక్క రంగు పదార్థం కూడా లేకుండా ఇంత చిత్రం! నాకైతే ఎన్నిసార్లు చూసినా విసుగు రాదు.

రంగు కనిపించిందంటే పొర మామూలుకన్నా ఇరవై రెట్లకు అటూ ఇటూగా మందమైందన్నమాట. మందంగా ఉంటే రక్షణ ఇంకా ఎక్కువుండాలి కదా? వేడిలో హడావిడిగా పుట్టిన ఈ పొరలో ఇనుము ఆక్సైడ్లు ఎక్కువ, సందులూ పగుళ్లూ ఎక్కువ. అంతకన్నా పెద్ద చిక్కు దాని కింద ఉంది. రెండో ప్రశ్న అక్కడికే తీసుకెళ్తుంది.

పొరలోని క్రోమియం బయట నుంచి రాలేదు, కింద ఉన్న లోహంలోంచే వచ్చింది. దీన్ని బావిలా ఊహించుకోండి. ఉపరితలం దగ్గరి లోహం బావి, అందులో క్రోమియం నీళ్లు, లోపలి లోహంలోంచి నెమ్మదిగా పైకి చేరే క్రోమియం ఊట. మామూలు వేడిమిలో రెండు మూడు నానోమీటర్ల పొర కోసం తోడేది ఒక చెంబెడు. బావికి తెలియను కూడా తెలియదు. వెల్డింగ్ వేడి తగిలితే మోటార్ పెట్టి తోడినట్టే. ఆక్సిజన్ మీద ఇనుముకన్నా క్రోమియానికి మక్కువ ఎక్కువ, అందుకే అది ముందు పరిగెడుతుంది. ఘనలోహంలో పరమాణువులు కదలడం మహా నిదానం కాబట్టి ఊట ఆ వేగాన్ని అందుకోలేదు. నీటిమట్టం పడిపోతుంది. 18 శాతం ఉండాల్సిన చోట 10.5 దగ్గరికో, ఇంకా కిందికో దిగితే ఆ సన్నటి పట్టీ పేరుకే స్టెయిన్‌లెస్.

నేల మీది బావి అయితే రాత్రంతా వదిలేస్తే మళ్లీ ఊరుతుంది. ఈ బావి ఊరదు. గొట్టం చల్లారగానే పరమాణువుల కదలిక దాదాపు ఆగిపోతుంది, ఊట గడ్డకట్టినట్టే. ఏడాది ఆగినా పదేళ్లు ఆగినా మట్టం అంతే. ఇప్పుడు బఫింగ్ చక్రం ఏం చేసిందో ఆలోచించండి. తోడిపోసిన నీళ్లను తుడిచేసి, ఎండిన బావిని వానకు ఎదురుగా తెరిచిపెట్టింది. కావలసింది ఎండిన మేర కూడా తీసేసి, నీళ్లు నిండుగా ఉన్న లోతుదాకా దిగడం. ఆ లోతు చాలా తక్కువే, చాలా సందర్భాల్లో మైక్రాన్ (వెయ్యి నానోమీటర్లు) అటూ ఇటూ. కానీ మెరుగు పెట్టే మెత్తటి చక్రం లోహాన్ని తీసేకన్నా అటూ ఇటూ పులమడమే ఎక్కువ.

ఈ పనికే పిక్లింగ్ ఉంది. నైట్రిక్, హైడ్రోఫ్లోరిక్ ఆమ్లాల మిశ్రమంలో ముంచడమో, అదే పేస్టుగా అతుకు మీద పూయడమో చేస్తారు. ఆమ్లం రంగునూ, దాని కింది నిస్సారమైన లోహాన్నీ కరిగించేస్తుంది. బాగా కడిగాక గాలి తగిలి సరైన పొర పుడుతుంది. గొట్టం మసకగా తేలుతుంది, చూసినవాళ్లకు నచ్చదు, కానీ తుప్పుకు తట్టుకునేది అదే. హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం చర్మంలోంచి దిగి ఒంట్లోని కాల్షియాన్ని పట్టుకుంటుంది, ప్రాణం మీదికి తెస్తుంది. శిక్షణ లేనివాళ్లు దాని జోలికి వెళ్లకూడదు. దానికి బదులని హైడ్రోక్లోరిక్ ఆమ్లం పోసేవాళ్లూ ఉన్నారు. అందులో ఉండేది క్లోరైడ్. స్టెయిన్‌లెస్‌కు క్లోరైడ్‌ను మించిన శత్రువు లేదు, గుంటలు పడతాయి.

అయస్కాంతం గురించి కూడా చెప్పాలి. "అయస్కాంతం అంటుకుంటే నకిలీ" అన్న మూఢనమ్మకం ఎంత గట్టిదంటే, ఇంజనీర్లు కూడా జేబులో అయస్కాంతం పెట్టుకు తిరుగుతారు. 430 రకం అసలైన స్టెయిన్‌లెస్సే, దానికి అయస్కాంతం శుభ్రంగా అంటుకుంటుంది. 304 గొట్టంలో కూడా వెల్డింగ్ గీత దగ్గర కొద్ది శాతం ఫెర్రైట్ మిగలడం వల్ల, వంచిన చోట మార్టెన్సైట్ పుట్టడం వల్ల కాస్త లాగుతుంది; ఈ రెండూ ఉక్కులో పరమాణువులు అమరే తీరులే, అయస్కాంతానికి అంటుకుంటాయి. మన పాఠకుడు ఈ పరీక్ష చేసి ఉంటే పనివాళ్లతో అనవసరంగా గొడవపడేవారు.

పాలిష్‌తో ముడిపడిన ఇంకో సంగతి గరుకుదనం. దాన్ని ఆర్ఏ (Ra) అనే అంకెతో కొలుస్తారు. ఉపరితలం సగటు గీత నుంచి ఎంత పైకీ కిందికీ పోతుందో దాని సగటు అది. పాలు, ఆహార పదార్థాలు తాకే చోట 0.8 మైక్రాన్లు మించకూడదన్నది ప్రసిద్ధమైన పరిమితి. బాక్టీరియా పరిమాణం మైక్రాన్ దరిదాపుల్లో ఉంటుంది, గీతల్లో దాక్కుంటే కడిగినా పోదు. అయితే ఈ అంకెకు ఒక లోపం ఉంది, గీత ఆకారం చెప్పదు. ఎమరీ బెల్టుతో రుద్దినప్పుడు లోహపు అంచులు మడతపడి, వాటి కింద ఎమరీ పొడి, మురికి ఇరుక్కోవచ్చు. సున్నితంగా అలలు తిరిగిన ఉపరితలానికీ దీనికీ ఒకే ఆర్ఏ రావచ్చు.

ఆ మడతల్ని తీసే పద్ధతి ఎలక్ట్రోపాలిషింగ్. ఇరవయ్యో శతాబ్దం తొలి సగంలో ఫ్రాన్స్‌కు చెందిన పియర్ జాకే దీన్ని శాస్త్రీయంగా నిలబెట్టాడు. గొట్టాన్ని ఫాస్ఫారిక్, సల్ఫ్యూరిక్ ఆమ్లాల వేడి మిశ్రమంలో ఉంచి ధన ధ్రువానికి కలుపుతారు. కరిగిన లోహ అయాన్లతో ఉపరితలం మీద చిక్కటి ద్రవపు పొర ఏర్పడుతుంది. ఎత్తుల మీద అది పలచన, పల్లాల్లో మందం. కరగడం ఆ పొరలోంచి అయాన్లు బయటపడే వేగాన్ని బట్టి సాగుతుంది కనుక ఎత్తులు ముందు పోతాయి. పారిన కరెంటును బట్టి ఎంత లోహం కరుగుతుందో చెప్పే ఫారడే నియమం ప్రకారం ఒక ఆంపియర్ గంటసేపు పారితే, ఇనుము రెండేసి ఎలక్ట్రాన్లు వదిలితే, ఒక గ్రాము పైచిలుకు కరుగుతుంది. చదరపు డెసిమీటరుకు ఒక మైక్రాన్ లోహం బరువు 0.08 గ్రాములు. అంటే పదుల ఆంపియర్లు పారిస్తే పది, ఇరవై మైక్రాన్లు తీయడం నిమిషాల పని. పోయేదాంట్లో ఇనుము వంతు ఎక్కువ, ఉపరితలంపై పొరలో క్రోమియం వంతు పెరుగుతుంది. మెరుపూ రక్షణా కలిసి వచ్చే అరుదైన సందర్భం ఇది. కానీ వెల్డింగ్‌లో రంధ్రం ఉంటే దాన్ని పూడ్చదు, ఇంకా బాగా కనిపించేలా చేస్తుంది.

గొట్టం బయట ఏం చేసినా చేయొచ్చు, లోపల చెయ్యి పట్టదు. అందుకే లోపలి బావిని అసలు తోడనివ్వకూడదు. వెల్డింగ్ చేస్తున్నంతసేపూ లోపల లోహంతో కలవని ఆర్గాన్ వాయువు నింపి ఆక్సిజన్‌ను తరిమేస్తారు. అమెరికన్ వెల్డింగ్ సొసైటీ దగ్గర దీనికి రంగుల పట్టిక ఉంది. ఆర్గాన్‌లో ఆక్సిజన్ పది లక్షలకు 10 పాళ్ల నుంచి 25,000 పాళ్ల దాకా పెంచుతూ పోతే గొట్టం లోపల ఏ రంగు వస్తుందో వరసగా చూపిస్తుంది. ఏ రంగు దాకా ఒప్పుకోవచ్చో మాత్రం అది చెప్పదు. గొట్టంలో పారేది మంచినీళ్లా, మందా, ఉప్పునీళ్లా అన్నది చూసుకుని, చేయించేవాళ్లూ చేసేవాళ్లూ పని మొదలుకాకముందే కాగితం మీద రాసుకోవాలి.