ఫుట్‌బాల్ మన ఆట కాదంటరా? పాలమూరు గ్రౌండ్ నుంచి కొన్ని అపోహలు - వాస్తవాలు

మహబూబ్‌నగర్‌ల పిల్లలకి ఫుట్‌బాల్ నేర్పిస్త, పొద్దున ఐదున్నరకే గ్రౌండ్ల ఉంట. పిల్లల్ని చేర్పియ్యనీకి వచ్చే అమ్మానాన్నల నోటెంట మళ్లమళ్ల గవే మాటలు వింటున్న, అందుకే ఒక్కచోట రాసి పెడ్తున్న.

అపోహ: "ఫుట్‌బాల్ బెంగాలోళ్లది, కేరళోళ్లది సార్, మనోళ్లకేడ వస్తది?"

వాస్తవం: ఈ మాట విన్నప్పుడల్లా నాకు పానం కలుక్కుమంటది. 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేండ్లు బొంబాయిల జరిగే పెద్ద ఫుట్‌బాల్ పోటీ రోవర్స్ కప్ గెల్చింది హైదరాబాద్ సిటీ పోలీస్ టీమ్, అప్పుడు మన పాలమూరు, నల్లగొండ అన్నీ హైదరాబాద్ రాష్ట్రంలనే ఉండె. రాష్ట్రాల టీమ్‌లు ఆడే సంతోష్ ట్రోఫీ గూడ 1956-57ల, మళ్ల 1957-58ల హైదరాబాదే కొట్టింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌ల ఇండియా ఆస్ట్రేలియాని 4-2తోని ఓడగొట్టి సెమీస్‌కి పోయింది, నాలుగో ప్లేస్ వచ్చింది, ఒలింపిక్ ఫుట్‌బాల్‌ల ఇప్పటిదాంక మన దేశానికి గంతకు మించి రాలే. ఆ టీమ్‌ల ఉన్న తులసీదాస్ బలరాం సికింద్రాబాద్ అమ్ముగూడ పిల్లగాడు. కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం మన హైదరాబాదాయననే. 1951 ఢిల్లీ, 1962 జకార్తా, రెండు ఏషియన్ గేమ్స్‌ల ఫుట్‌బాల్ గోల్డ్ వచ్చింది ఆయన కోచింగ్‌లనే. జకార్తా ఫైనల్ల సౌత్ కొరియా మీద 2-1తోని గెల్చినప్పుడు ఆయనకి క్యాన్సర్ ఉండె, మర్సటేడు 1963 జూన్‌ల పోయిండు, ఆ తర్వాత ఏషియన్ గేమ్స్ ఫుట్‌బాల్‌ల మనకి గోల్డ్ రానేలేదు.

అపోహ: "బూట్లు లేకనే ఇండియా 1950 వరల్డ్ కప్‌కి పోలే."

వాస్తవం: 1948 లండన్ ఒలింపిక్స్‌ల మనోళ్లు శానమంది ఉత్త కాళ్లతోని ఆడింది నిజమే, ఫ్రాన్స్ మీద 2-1తోని ఓడిన్రు. కానీ వరల్డ్ కప్‌కి పోకపోవుడు బూట్ల పంచాది కాదు. బ్రెజిల్ దాంక అంత దూరం ప్రయాణం, ప్రాక్టీస్‌కి టైం సాలకపోవుడు, అన్నిటికన్నా పెద్దది ఏందంటే అప్పట్ల ఇండియా ఫుట్‌బాల్ ఫెడరేషనోళ్లకి ఒలింపిక్సే ముఖ్యం.

అపోహ: "టర్ఫ్ (ప్లాస్టిక్ గడ్డి గ్రౌండ్) లేదు, పెద్ద అకాడమీ లేదు, ఏం నేర్చుకుంటరు?"

వాస్తవం: రహీం సాబ్ బడిల పాఠాలు చెప్పిన పంతులు. ఒట్టి బలం లేని కాలితోనే ఆడాలె అని, డ్రిబ్లింగ్ (బంతిని ఒక్కడే కాలితోని నడిపిచ్చుకుంట పోవుడు) చెయ్యొద్దు పాస్‌లే ఇయ్యాలె అని టోర్నమెంట్లు పెట్టేటోడు. గది నేను మా ఎర్రమట్టి గ్రౌండ్ల శనివారం శనివారం చేయిపిస్త. ముందుగాల అందరం వంగి కంకర రాళ్లు ఏరుతం, తర్వాత ఎడమకాలికి రిబ్బన్ కట్టుకోవాలె, కుడికాలు బంతికి తాకితే ఫౌలే. తండా నుంచి వచ్చే ఒక పిల్ల మొదట్ల ఎడమకాలితోని తంతే బంతి గోల్ దిక్కు కాదు, పక్కకున్న యాపచెట్టుకి తాకేది, బొటనవేలితోని గుద్దేది గద. చీలమండ గట్టిగ బిగించు, పాదం లోపలి పక్కతోని నూకు అని రోజూ చెప్పిన, గోడకి కొట్టిచ్చిన. నాలుగు నెలలైంది, ఇప్పుడు ఎడమ దిక్కు కార్నర్ కిక్‌లన్నీ ఆ పిల్లనే ఎడమకాలితోని కొడ్తది. టర్ఫ్ ఉంటే మంచిదే, కాదన, కానీ గిది నేర్పనీకి టర్ఫ్ అక్కర్లే.

అపోహ: "ఆడపిల్లలకేం ఫుట్‌బాల్?"

వాస్తవం: నిజామాబాద్ దిక్కు నుంచి గుగులోతు సౌమ్య ఇండియా టీమ్‌కే ఆడింది. ఇంక నేను చెప్పేదేం లే.

అపోహ: "ముందు మంచి స్టడ్స్ కొనియ్యాలె."

వాస్తవం: వద్దు. మన నేల గట్టిది, బూట్ల అడుగున ఉండే పొడుగు స్టడ్స్ దిగవు, మోకాలు, మడిమె పట్టేస్తయి. మొదటి రెండు నెలలు మామూలు కాన్వాస్ షూస్ సాలు, ఆట మీద పిల్లకి మనసు నిలబడ్డదంటే అడుగున చిన్న చిన్న రబ్బరు బొడిపెలు ఉండే టర్ఫ్ షూస్ తీస్కోండి, బొటనవేలు ముందట వేలు మందం జాగ ఉండాలె.