థార్, జిమ్నీలకు టైర్లు మారుస్తున్నారా? ముందు ఈ అపోహలు తీర్చుకోండి

ఫోర్ బై ఫోర్ బండి, అంటే నాలుగు చక్రాలకూ ఇంజిను బలం అందించగల బండి, ఇంటికొచ్చిన కొత్తలో చాలామంది మొదట చేయించే పని టైర్లు మార్పించడం. షాపులో లావుగా, గరుకుగా, ఎత్తుగా కనిపించిన టైరు మీదకే మనసు పోతుంది. ఆర్నెల్లు తిరక్కముందే స్టీరింగ్ బరువైందని, మైలేజీ పడిపోయిందని, హైవే ఎక్కితే చెవులు హోరెత్తుతున్నాయని మళ్లీ వస్తారు. టైరు మంచిదే, బండీ మంచిదే. జతే కుదరలేదు. ఖర్చు చిన్నది కాదు కాబట్టి డబ్బు కట్టే ముందే ఇవి తెలియాలి.

అపోహ: టైరు ఎంత పెరిగితే బండి అంత ఎత్తు లేస్తుంది

పెరిగిన దాంట్లో సగమే లేస్తుంది. లెక్క మీరే వేసుకోవచ్చు. థార్ పై మోడళ్లకు వచ్చే సైజు 255/65 ఆర్18. ఇందులో 255 టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. 65 అంటే పక్కగోడ ఎత్తు ఆ వెడల్పులో 65 శాతం, అంటే 165.75 మి.మీ. 18 అంగుళాల రిమ్ము అంటే 457.2 మి.మీ. పక్కగోడ రిమ్ముకి పైనా ఉంటుంది, కిందా ఉంటుంది కాబట్టి రెండుసార్లు కలపాలి: 331.5 + 457.2 = 788.7 మి.మీ. ఇది టైరు మొత్తం ఎత్తు.

దాని స్థానంలో 285/70 ఆర్17 వేశారనుకుందాం. అదే లెక్కన 830.8 మి.మీ. వస్తుంది. తేడా 42 మి.మీ. ఇరుసు ఉండేది టైరు మధ్యలో కాబట్టి అది లేచేది 21 మి.మీ. మాత్రమే.

ఆ 21 మి.మీ. పనికిరానిదేం కాదు. వెనక ఇరుసుకి వేలాడే డిఫరెన్షియల్ (చక్రాలను వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే గేర్ల అమరిక) హౌసింగే చాలా బళ్లలో రాళ్లకు ముందు తగిలేది. లిఫ్ట్ కిట్ బాడీని లేపుతుంది గానీ ఆ హౌసింగ్‌ని లేపదు. దాన్ని లేపేది టైరొక్కటే. అయితే అందుకు చెల్లించే మూల్యం కూడా చూడాలి. టైరు 5.3 శాతం పెరిగింది కాబట్టి, ముందు మీటరు సరిగ్గా చూపిస్తుంటే, ఇప్పుడు 100 చూపించినప్పుడు బండి 105 మీద పోతుంటుంది. కిలోమీటర్ల రీడింగు కూడా తక్కువ తిరుగుతుంది. మైలేజీ పడిపోయిందనే ఫిర్యాదులో కొంత భాగం ఇదే. ప్రతి గేరూ ఆ మేరకు బరువెక్కుతుంది, ఘాట్ రోడ్డులో మూడో గేరులో ఎక్కిన చోట రెండో గేరు అడుగుతుంది. ఫోర్ లోలో, అంటే నాలుగు చక్రాలనూ నిదానంగా, బలంగా తిప్పే గేరులో, రాళ్ల మీద పాకించేటప్పుడూ బండి కాస్త తొందరగానే కదులుతుంది, అక్కడ మనకు కావలసింది నిదానం.

కంపెనీ సైజు నుంచి మొత్తం ఎత్తు 3 శాతం దాటకుండా చూసుకోండి. థార్‌కే కంపెనీ ఇచ్చిన మరో సైజు 245/75 ఆర్16 ఎత్తు 773.9 మి.మీ., మొదటిదానికీ దీనికీ తేడా 2 శాతం లోపే. జిమ్నీ సైజు 195/80 ఆర్15, ఎత్తు 693. దానికి 215/75 ఆర్15 వేస్తే 703.5, ఒకటిన్నర శాతం. ఇబ్బంది లేదు. 235/75 ఆర్15 అయితే 733.5, దాదాపు 6 శాతం. అక్కడి నుంచి టైరు బాడీకి రాసుకోవడం, గేరు బరువు రెండూ లెక్కలోకి వస్తాయి.

రాసుకుంటుందో లేదో నేల మీద నిలబెట్టిన బండిని చూసి చెప్పలేం. ఒక ముందు చక్రాన్ని ర్యాంపు ఎక్కించి, స్టీరింగ్ ఎడమకొకసారి కుడికొకసారి చివరిదాకా తిప్పి, నాలుగు చోట్ల చూడాలి: లోపలి ప్లాస్టిక్ లైనర్, మడ్‌ఫ్లాప్, బంపరు మూల, లోపలివైపు సస్పెన్షన్ ఆర్మ్‌లు. వేలు దూరని చోట రేపు టైరు తగులుతుంది.

అపోహ: వెడల్పు టైరుకే పట్టు ఎక్కువ

ఎండిన తారు మీద కొంతవరకు నిజం. వాన పడిన రోడ్డు మీద కాదు. వెడల్పాటి టైరు ఎక్కువ నీళ్లను పక్కకు తోయాలి, తొయ్యలేకపోతే నీటి మీద తేలిపోతుంది. పైన బురద, కింద గట్టి నేల ఉన్న బండిదారిలో సన్నటి టైరు బురదను కోసుకుంటూ అడుగు అందుకుంటుంది, వెడల్పుది పైపైనే జారుతుంది. జిమ్నీకి 195 వెడల్పు ఇవ్వడం పిసినారితనం కాదు, ఆ తేలికపాటి బండికి తగిన కొలత అది. లోతైన ఇసుకలో వెడల్పు ఉపయోగపడుతుంది. అక్కడ కూడా వెడల్పు కంటే గాలి తగ్గించడమే ఎక్కువ పని చేస్తుంది, ఆ సంగతి కింద ఉంది.

అపోహ: ఎంటీ టైరు వేస్తే ఎక్కడికైనా పోవచ్చు

హెచ్‌టీ అంటే రోడ్డు టైరు, ఏటీ అంటే రోడ్డుకీ మట్టికీ మధ్యస్తం, ఎంటీ అంటే బురద టైరు. ఎంటీలో రబ్బరు బ్లాకులు పెద్దవి, మధ్య సందులు వెడల్పు. చక్రం తిరుగుతుంటే ఆ సందుల్లోంచి బురద ఎగిరిపడాలి, మళ్లీ ఖాళీ అయిన బ్లాకు నేలను పట్టుకోవాలి. దాని బలం అదే, బలహీనతా అదే. తడి తారు మీద నేలకు ఆనే రబ్బరు తక్కువ, నీటిని పీల్చే సన్నటి గాట్లు కూడా తక్కువ. అందుకని బ్రేకు వేస్తే ఆగే దూరం పెరుగుతుంది. ఫోర్ బై ఫోర్ వేస్తే బండి కదలడానికి సాయం దొరుకుతుంది గానీ ఆగడానికి కాదు. ఆపేది టైరే.

తెలంగాణ, రాయలసీమ రేగడి నేలల్లో తిరిగేవాళ్లకు ఇంకో మాట. తడిసిన నల్లరేగడి చెప్పుకి అంటుకుంటే అడుగడుక్కీ చెప్పు ఎలా బరువెక్కుతుందో, టైరుకీ అంతే. హెచ్‌టీ రెండు చుట్లు తిరిగేసరికి నున్నటి ఉండ అయిపోతుంది. ఏటీ కొంచెం ఆలస్యంగా అదే స్థితికొస్తుంది. ఎంటీ మెరుగే. కానీ మట్టి టైరు మీద పొరలు పొరలుగా పేరుకుని వీలార్చ్‌లో (టైరు మీదుండే బాడీ కమానులో) కూరుకుపోతే చక్రమే తిరగదు. అక్కడ కావలసింది టైరుకీ వీలార్చ్‌కీ మధ్య ఖాళీ. పెద్ద సైజు వేసి ఆ ఖాళీని తినేసిన బండి రేగడిలో చిన్న టైరు బండి కంటే ముందే ఆగిపోతుంది.

మా సలహా సూటిగా: నెలలో తిరిగే దూరంలో పదింట ఎనిమిది పాళ్లు తారు రోడ్డయితే కంపెనీ సైజులో ఏటీ. పొలాలకు, క్వారీలకు, అడవి దారులకు వారం వారం పోయేవాళ్లకే ఎంటీ. ఊరు దాటనివాళ్లకు హెచ్‌టీయే హాయి.

మంచు ప్రాంతాలకు వెళ్లేవాళ్లు ఒకటి గమనించాలి. టైరు మీద 'ఎం ప్లస్ ఎస్' అని ఉన్నంత మాత్రాన మంచులో పరీక్షించినట్టు కాదు. మూడు శిఖరాల కొండలో మంచు రేకు బొమ్మ ఉంటేనే పరీక్షలో నెగ్గిన టైరు.

అపోహ: టైరు మీద రాసిన గాలే కొట్టించాలి

టైరు మీద ఉండే అంకె గరిష్ఠ పరిమితి. మీ బండికి కావలసినది డ్రైవరు డోరు తీస్తే స్తంభం మీదున్న స్టిక్కరులో ఉంటుంది, అది చల్లటి టైరుకి చెప్పిన లెక్క. కంపెనీ టైరు తీసి ఎల్‌టీ (లైట్ ట్రక్) రకం వేస్తే మాత్రం అదే బరువు మోయడానికి ఎక్కువ గాలి కావాలి. టైరు కంపెనీ లోడ్ పట్టిక చూసి కొట్టించాలి.

మట్టిలోకి దిగే ముందు గాలి తగ్గించడం మనవాళ్లు చాలామంది చేయని పని. గాలి తగ్గితే టైరు నేలమీద పొడవుగా పరుచుకుంటుంది. వెడల్పు పెద్దగా పెరగదు, పొడవు పెరుగుతుంది, పట్టు అక్కడ దొరుకుతుంది. రాళ్ల దారికి 22 నుంచి 25 పీఎస్ఐ, బురదకి 18 నుంచి 22, మెత్తటి ఇసుకకి 15 నుంచి 18తో మొదలుపెట్టండి. 12 కిందకు పోతే మలుపులో టైరు రిమ్ము నుంచి ఊడొచ్చే ప్రమాదం ఉంది. గాలి తగ్గించాక 40 దాటి నడపకండి, స్టీరింగ్ గట్టిగా కొట్టకండి. తారు ఎక్కగానే గాలి నింపాలి. తక్కువ గాలితో వేగంగా పోతే పక్కగోడ వేడెక్కి లోపలి దారాలు తెగుతాయి, ఆ దెబ్బ బయటికి కనపడదు. మంచి గేజు, బ్యాటరీకి క్లిప్పులతో తగిలించే కంప్రెసరు కొనడానికి అయ్యేది ఒక టైరు ఖరీదు కంటే తక్కువే. ఎంటీ సెట్టు కొనేముందు ఇది చేసి చూడండి. చాలామందికి కొత్త టైర్ల అవసరమే తీరిపోతుంది.

అపోహ: టెన్ ప్లై అంటే పది పొరలు

కాదు. అది మోయగల బలాన్ని పాత రోజుల పొరల లెక్కతో పోల్చి చెప్పే మాట. చూడాల్సింది లోడ్ ఇండెక్స్. జిమ్నీ టైరు మీద 96ఎస్ అని ఉంటే ఒక్కో టైరు 710 కిలోలు మోస్తుంది, 180 కి.మీ. వేగం దాకా తట్టుకుంటుంది. కొత్త టైరులో ఈ రెండూ తగ్గకూడదు.

అపోహ: రెండు అరిగాయి, రెండు కొత్తవి వేస్తే చాలు

థార్, జిమ్నీలలో ముందు ఇరుసుకీ వెనక ఇరుసుకీ మధ్య డిఫరెన్షియల్ ఉండదు. ఫోర్ హైలో (మామూలు వేగానికి నాలుగు చక్రాలూ తిప్పే గేరులో) పెట్టగానే రెండు షాఫ్టులూ ఒకదానికొకటి కట్టేసినట్టు ఒకే వేగంతో తిరుగుతాయి. ముందు టైర్లు 8 మి.మీ. ట్రెడ్డుతో (గాట్ల లోతుతో) కొత్తవి, వెనకవి 3 మి.మీ.కి అరిగినవి అనుకోండి. ఎత్తులో 10 మి.మీ. తేడా. 788.7 మి.మీ. టైరు కిలోమీటరుకి సుమారు 404 చుట్లు తిరిగితే, అరిగినది 409 తిరగాలి. ఆ ఐదు చుట్ల తేడా ఎక్కడో ఒకచోట తీరాలి. బురదలో టైరు జారి తీర్చేస్తుంది. ఎండిన తారు మీద జారదు కాబట్టి ఆ మెలి అంతా షాఫ్టుల్లో, బలాన్ని ముందుకీ వెనక్కీ పంచే ట్రాన్స్‌ఫర్ కేసులో పోగవుతుంది. టూ హైకి (రెండు చక్రాలకే బలం ఇచ్చే గేరుకి) లాగితే లివరు రాదు, మలుపులో బండి పట్టేసినట్టు గుంజుతుంది. అలా అయితే లివరు మీద బలం పెట్టకుండా నాలుగు మీటర్లు వెనక్కి పోనిచ్చి చూడండి. టైర్లు నాలుగూ కొత్తవైనా సరే, ఎండిన తారు మీద ఫోర్ హై వాడకూడదు.

కాబట్టి నాలుగూ ఒకే సైజు, ఒకే కంపెనీ, ఒకే మోడలు. వీలైతే ఐదు కొని, 8 నుంచి 10 వేల కిలోమీటర్లకోసారి స్టెప్నీని కూడా కలిపి మార్చుకుంటూ పొండి. పెద్ద సైజుకి మారినప్పుడు స్టెప్నీ పాత సైజుదే ఉంచేస్తే, అవసరమైన రోజున అదే ఈ తేడా తెచ్చిపెడుతుంది.

అపోహ: రిమ్ము పెద్దదైతే బండి గట్టిది

ఎత్తు మారకుండా రిమ్ము పెరిగితే పక్కగోడ తగ్గుతుంది. గుంతలో దెబ్బ మింగేది ఆ గోడే. 20 అంగుళాల రిమ్ముతో రాయి తగిలితే టైరు రెండింటి మధ్య నలిగి పక్కన బొప్పి కడుతుంది, ఆ టైరు ఇక అతకడానికి పనికిరాదు. ఆఫ్‌రోడ్‌కి చిన్న రిమ్మే మేలు, బ్రేకు క్యాలిపర్‌కి తగలకుండా ఉంటే చాలు. ఆఫ్‌సెట్ మార్చి టైర్లు ఫెండరు బయటికి పొడుచుకొచ్చేలా వేయించడం మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను పరిధిలోకి కూడా వస్తుంది. ఇన్సూరెన్సు క్లెయిము రోజున ఆ ప్రశ్న వచ్చి కూర్చుంటుంది.

అపోహ: నైట్రోజన్ తప్పనిసరి

మామూలు గాలిలో 78 శాతం నైట్రోజనే. నెలకు రెండుసార్లు గేజు పెట్టి చూసేవాళ్లకు అది అక్కర్లేదు.

అపోహ: ట్రెడ్డు నిండుగా ఉంటే టైరు మంచిదే

ట్రెడ్డు 1.6 మి.మీ.కి వస్తే చట్టప్రకారం టైరు అయిపోయినట్టే, వానాకాలంలో 3 దగ్గరే మార్చడం మంచిది. కానీ ట్రెడ్డు చెప్పనిది వయసు చెబుతుంది. డాట్ అన్న అక్షరాల వరుస చివర నాలుగంకెలు ఉంటాయి. 2324 అంటే 2024లో 23వ వారంలో తయారైంది. ఆ అంకెలు టైరుకి ఒకవైపే ఉండొచ్చు, అవతలి పక్క కూడా వంగి చూడాలి. కొనేటప్పుడు ఐదింటి మీదా చూడండి. ఆరేళ్లు దాటిన స్టెప్నీ వెనక డోరు మీద ఎండలో వేలాడి, ఒక్క కిలోమీటరూ తిరక్కుండానే పక్కన సన్నటి వెంట్రుక పగుళ్లు తెచ్చుకుని ఉంటుంది. బొటనవేలితో గోడను నొక్కితే ఆ పగుళ్లు తెరుచుకుని కనిపిస్తాయి. కనిపిస్తే దాన్ని వాడకండి.