ప్లానులో లేని పెంట్‌హౌస్: చేతిలో ఉన్నది అనుమతా, రసీదా?

హైదరాబాద్‌లో పాత ఇళ్ల బేరాలు మళ్లీ బ్యాంకు గుమ్మం దగ్గర ఆగుతున్నాయి. ప్లానులో ఇల్లు స్టిల్ట్ ప్లస్ టూ, అంటే కింద పార్కింగ్, పైన రెండంతస్తులు. వెళ్లి చూస్తే పైన పెంట్‌హౌస్, వెనక సెట్‌బ్యాక్‌లో (హద్దు గోడ పక్కన వదలాల్సిన ఖాళీలో) వంటగది, స్టిల్ట్‌లో ఓ మూల గోడలు లేపి వాచ్‌మన్ గది. వీటికి కాగితాలేవని అడిగితే అమ్మేవాళ్లు ఒక రసీదు చేతిలో పెడతారు. ‘బీఆర్‌ఎస్‌కు కట్టేశామండీ, ఫైలు నడుస్తోంది’ అంటారు. (పార్టీ కాదు, బిల్డింగ్ రెగ్యులరైజేషన్ స్కీమ్.) ఇప్పటి గొడవకు మూలం ఆ రసీదే.

నగరంలో అక్రమ అంతస్తులు ఎలా మొదలయ్యాయో, ఎవరి హయాంలో ఎన్ని లేచాయో అందరికీ తెలిసిందే. అసలు మలుపు 2015 నవంబర్ 2. ఆ రోజు తెలంగాణ ప్రభుత్వం జీవో 152 ఇచ్చింది. 1985 జనవరి 1 నుంచి 2015 అక్టోబర్ 28 వరకు ప్లాను తప్పి కట్టినవి, అసలు ప్లానే లేకుండా కట్టినవి రుసుము కట్టి క్రమబద్ధం చేసుకోవచ్చని చెప్పింది. జనం బారులు తీరారు. ఒక్క జీహెచ్‌ఎంసీ పరిధిలోనే దరఖాస్తులు లక్ష దాటాయి. ఆ తర్వాత వ్యవహారం హైకోర్టుకు వెళ్లింది. తుది ఉత్తర్వులు ఇవ్వొద్దని 2016లో కోర్టు ఆపింది. ఫైళ్లు ఎక్కడివక్కడే ఏళ్ల తరబడి ఉండిపోయాయి. ‘ఇచ్చాం’ అన్న కాగితం రాలేదు, చాలామందికి ‘కుదరదు’ అన్న కాగితమూ రాలేదు. ఈలోగా ఆ ఇళ్లు ఒక చేయి మారాయి, కొన్ని రెండు చేతులు మారాయి. రసీదు జిరాక్సు కూడా లింకు డాక్యుమెంట్లతో (పాత దస్తావేజులతో) పాటే కొత్త యజమానికి చేరింది.

జనం అంత ధీమాగా ఎందుకు కట్టారంటే, అంతకుముందు ఒకసారి పని జరిగింది కాబట్టి. 2007 డిసెంబర్ 31 నాటి జీవో 901, బీపీఎస్‌గా (బిల్డింగ్ పీనలైజేషన్ స్కీమ్) తెలిసిన పథకం, అదే ఏడాది డిసెంబర్ 15 దాకా కట్టినవాటికి తలుపు తెరిచింది. ‘ముందు కట్టు, తర్వాత డబ్బు కట్టు’ అన్న పాఠం జనానికి బిల్డర్లు ఒక్కరే చెప్పలేదు, ప్రభుత్వాలూ చెప్పాయి. అటు ఆంధ్రప్రదేశ్ విభజన తర్వాత కూడా అదే దారిన నడిచింది. 2014 డిసెంబర్ 31 వరకు ఒక గడువు, ఆ తర్వాత 2018 ఆగస్టు 31 వరకు ఇంకొకటి పెట్టింది. అందుకే విజయవాడలోనో విశాఖలోనో ఇల్లు కొనేవాళ్లు అడగాల్సింది దరఖాస్తు కాదు, తుది ప్రొసీడింగ్స్, అంటే క్రమబద్ధం చేశామన్న ఉత్తర్వు. హైదరాబాద్‌లో 2015 నాటి ఫైలుకు అలాంటి కాగితం ఉందని ఎవరైనా చూపిస్తే నెంబరు రాసుకుని సర్కిల్ ఆఫీసులో టౌన్ ప్లానింగ్ వాళ్లకు చూపించాలి.

మున్సిపల్ అధికారుల వాదన చిన్నది. దరఖాస్తు తీసుకున్నంత మాత్రాన అనుమతి ఇచ్చినట్టు కాదంటారు. చట్టప్రకారం అది సరైన మాటే.

కొనుక్కున్నవాళ్ల వాదన అంత చిన్నది కాదు. అదే పెంట్‌హౌస్ చదరపుటడుగులకు రిజిస్ట్రేషన్ ఆఫీసులో స్ట్రక్చర్ విలువ కట్టి స్టాంపు డ్యూటీ తీసుకున్నారు. ఆస్తిపన్ను బిల్లులో ఆ అంతస్తు ఉంది, అనధికారం పేరిట పెనాల్టీ కూడా పడుతోంది. కరెంటు మీటరు విడిగా ఉంది. ఉమ్మడి రాష్ట్రంలో వచ్చిన భవన నిబంధనలు, 2012 ఏప్రిల్ 7 నాటి జీవో 168, ఓసీ (మున్సిపాలిటీ ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్) లేని భవనానికి కరెంటు, నీళ్లు, డ్రైనేజీ మామూలు కనెక్షన్లు ఇవ్వొద్దన్నాయి. అదే వాక్యంలో, లేదంటే ఓసీ తెచ్చేదాకా మూడు రెట్ల ఛార్జీ వేయొచ్చని సందు కూడా ఇచ్చాయి. ఇన్ని శాఖలు ఆ గదిని గుర్తించి డబ్బు తీసుకున్నాక, కొన్నవాడు మాత్రం అది లేదనుకోవాలా అని వాళ్ల ప్రశ్న. దానికి సూటి జవాబు ఇంతవరకు ఏ ఆఫీసు నుంచీ రాలేదు.

2024 డిసెంబర్ 17న సుప్రీంకోర్టు ఆ సందు మూసేసింది. కేసు మీరట్‌ది, ఇళ్ల స్థలంలో కట్టిన దుకాణాల వివాదం. అయితే జస్టిస్ పార్దీవాలా, జస్టిస్ మహదేవన్ ధర్మాసనం అందులో ఇచ్చిన ఆదేశాలు దేశమంతటికీ వర్తిస్తాయి. కంప్లీషన్ లేదా ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ చూశాకే కరెంటు, నీళ్ల కనెక్షన్లు ఇవ్వాలి. భవనాన్ని తాకట్టు పెట్టుకునే బ్యాంకు కూడా ఆ సర్టిఫికెట్ సరిచూశాకే అప్పు ఇవ్వాలి. 2015 రసీదుకు బజార్లో ఉన్న మారకం విలువ ఆ రోజుతో పోయింది. అంతకు నెల ముందు, నవంబర్ 13న, అదే కోర్టులో వేరే ధర్మాసనం కూల్చివేతలకు ముందు 15 రోజుల నోటీసు తప్పనిసరి చేసింది. రోడ్డు, చెరువు లాంటి చోట్ల ఆక్రమణలకు ఆ రక్షణ లేదు. నోటీసు వస్తే జవాబు చెప్పుకునే గడువు దొరుకుతుందంతే, గది సక్రమం అయిపోదు.

ఫైళ్లు మళ్లీ కదులుతాయన్న మాట అప్పుడప్పుడూ వినిపిస్తుంది. నిజంగా కదిలినా అన్నీ నెగ్గవు. ప్లానులో పార్కింగ్‌గా చూపిన చోటు, ప్రభుత్వ భూమి, చెరువు శిఖం (నీళ్లు నిలిచే నేల), లేఅవుట్ ఖాళీ స్థలం ఈ పథకాల్లో మొదటి నుంచీ మినహాయింపులే. పైన చెప్పిన ఇంట్లో వాచ్‌మన్ గదికి ఏ పథకమూ పనికిరాదు. దాన్ని పగలగొట్టించి, కారు పట్టే చోటు తిరిగి తెచ్చాకే బేరం మాట్లాడాలి.

వెనక వంటగది సంగతి టేపు పెట్టి చూస్తే తేలుతుంది. 30 అడుగులకు 60 అడుగుల స్థలం, అంటే 200 గజాలు, 167 చదరపు మీటర్లు. జీవో 168 ప్రకారం ఈ సైజుకు మామూలు రోడ్డు మీద ముందు 1.5 మీటర్లు, మిగతా మూడు వైపులా ఒక్కో మీటరు వదలాలి. ముందు వైపు తప్ప మిగతా సెట్‌బ్యాక్‌లలో 10 శాతం వరకు తేడా ఉంటే, ఆ మేరకు కట్టిన విస్తీర్ణానికి రిజిస్ట్రేషన్ శాఖ ధర ప్రకారం భూమి విలువంతా కట్టించుకుని సర్దుబాటు చేయొచ్చు. మీటరులో 10 శాతం అంటే నాలుగంగుళాలు. వంటగది మింగింది మూడడుగుల పైచిలుకు. అసలు ప్లానే తీసుకోని ఇంటికి ఆ నాలుగంగుళాల వెసులుబాటు కూడా లేదు.

పెంట్‌హౌస్ దగ్గర కాగితం కన్నా ముందు స్తంభాలు చూడాలి. 12 అడుగులకు 15 అడుగుల గది ఒక్కటే తీసుకుందాం. తొమ్మిదంగుళాల ఇటుక గోడలు, తొమ్మిదడుగుల ఎత్తు, ఐదంగుళాల స్లాబు. తలుపులూ కిటికీలూ తీసేసినా బరువు 20 టన్నులు దాటుతుంది. పైన వెయ్యి లీటర్ల ట్యాంకు పెడితే ఇంకో టన్ను. రెండంతస్తులకని వేసిన 9 బై 12 అంగుళాల స్తంభాలు ఈ అదనపు బరువు మోస్తాయో లేదో స్ట్రక్చరల్ ఇంజనీరు చెప్పాలి. మోస్తాయని ఆయన రాసిచ్చినా మున్సిపాలిటీకి అది అనుమతి కింద లెక్క కాదు. స్టిల్ట్‌లో బీము, స్తంభం కలిసే చోట ఏటవాలు పగుళ్లు, కింది అంతస్తు స్లాబులో పెచ్చులూడిన చోట తుప్పు పట్టిన చువ్వ కనిపిస్తే ఆ సర్టిఫికెట్ దాకా వెళ్లే అవసరమే ఉండదు.

2020 నవంబర్‌లో వచ్చిన టీఎస్ బీపాస్ (ఆన్‌లైన్‌లో భవన అనుమతులిచ్చే విధానం) తర్వాత కట్టిన ఇళ్లది వేరే కథ. 500 చదరపు మీటర్ల లోపు స్థలం, 10 మీటర్ల లోపు ఎత్తు అయితే యజమాని సొంత ధ్రువీకరణ మీదే అనుమతి వస్తుంది. ఆ ఇంటికి బీఆర్‌ఎస్ రసీదు ఉందని ఎవరైనా అంటే తేదీ చూడమనండి, సరిపోతుంది.

పాత ఇంటి ప్లాను పోయిందంటే, పర్మిట్ నెంబరుతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టి నకలు అడగొచ్చు. రుసుము 10 రూపాయలు, గడువు 30 రోజులు. అందుకే అడ్వాన్సు ఇవ్వకముందే ఈ పని మొదలుపెట్టాలి. ఈసీ (ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్) మీద ఆధారపడొద్దు. అందులో లావాదేవీలు కనిపిస్తాయి, ప్లాను తప్పిన గది కనిపించదు. రసీదు ఉన్నచోట గది 2015 అక్టోబర్ 28కి ముందుదేనా అన్నది కూడా తేల్చుకోవాలి. ఆ అంతస్తు మీటరు సర్వీసు తేదీ, అప్పటి ఆస్తిపన్ను రసీదు పక్కపక్కన పెట్టాలి. గూగుల్ ఎర్త్‌లో పాత తేదీల చిత్రాలు తిప్పితే డాబా అప్పటికి ఖాళీగా ఉందో లేదో చాలాచోట్ల కళ్లకు కడుతుంది.

బేరం ధర ప్లానులో ఉన్న అంతస్తుల మీదే కట్టాలి, బ్యాంకు ఇంజనీరూ ఆ లెక్కే చూస్తాడు. లోను ఓసీ మీదే ఆధారపడితే, ఓసీ లేక లోను రాకపోతే అడ్వాన్సు ఎన్ని రోజుల్లో తిరిగివ్వాలో అగ్రిమెంట్‌లోనే రాయించుకోవాలి. ‘ఏ ఇబ్బంది వచ్చినా అమ్మినవారిదే బాధ్యత’ అని సేల్ డీడ్‌లో ఉండే వాక్యంతో తర్వాత డబ్బు కోసం దావా వేయొచ్చు, అమ్మినాయన అప్పటికి ఊళ్లో ఉంటే. కూల్చడానికి వచ్చిన మనిషికి ఆ వాక్యం చూపించి ప్రయోజనం లేదు.