‘సర్వర్ పోయింది’ అనే ముందు: ఆఫీసు డొమైన్‌పై అపోహలు - వాస్తవాలు

మిర్యాలగూడ రైస్ మిల్లు ఆఫీసు కావచ్చు, నల్లగొండ హాస్పిటల్ బిల్లింగ్ కౌంటర్ కావచ్చు, మహబూబ్‌నగర్ కాలేజీ ల్యాబ్ కావచ్చు, ఫోన్‌లో వినిపించే మొదటి మాట ఒక్కటే: “అన్నా, సర్వర్ పోయింది.” చాలాసార్లు సర్వర్ ఎక్కడికీ పోదు. డొమైన్ (ఆఫీసు సిస్టమ్‌లు, యూజర్లు అంతా ఒకే సర్వర్ అదుపులో ఉండే ఏర్పాటు) పేరు దొరకకనో, గడియారం కుదరకనో, కరెంటు దెబ్బతోనో లాగిన్ ఆగిపోతుంది. ఈ మూడూ చూడకుండా విండోస్ మళ్లీ వేయడం, సిస్టమ్‌ను డొమైన్‌లోంచి తీసి మళ్లీ కలపడం మొదలుపెడితే పావుగంట పని రెండు రోజులవుతుంది. అందుకే ఈ మూడింటి గురించే ఇక్కడ ఎక్కువ రాస్తున్నాం.

అపోహ: సిస్టమ్‌లో రెండో డీఎన్ఎస్‌గా (పేరు చెబితే ఐపీ అడ్రసు చెప్పే సర్వర్‌గా) గూగుల్ వారి 8.8.8.8 పెడితే సర్వర్ ఆగినా పని ఆగదు.

వాస్తవం: మన దగ్గర డొమైన్ సమస్యల్లో ఎక్కువ భాగం ఈ ఒక్క సెట్టింగ్ నుంచే పుడతాయి. డొమైన్ కంట్రోలర్ (లాగిన్‌లను సరిచూసే సర్వర్) ఎక్కడుందో సిస్టమ్‌కు తెలిసేది డీఎన్ఎస్‌లోని ఎస్ఆర్‌వీ రికార్డుల (ఏ సేవ ఏ సర్వర్‌లో ఉందో చెప్పే రికార్డుల) వల్లే. ఆ రికార్డులు మీ సర్వర్‌లో ఉంటాయి, బయటి డీఎన్ఎస్‌లో ఉండవు. మొదటి డీఎన్ఎస్ ఒక్క సెకను ఆలస్యం చేస్తే విండోస్ రెండోదాన్ని అడుగుతుంది. అది “అలాంటి పేరే లేదు” అని జవాబిస్తుంది. విండోస్ దాన్నే నిజమని తీసుకుంటుంది, మళ్లీ మొదటిదాన్ని అడగదు. పైగా కాసేపు ఆ రెండోదాన్నే పట్టుకుని ఉంటుంది. అందుకే పొద్దున బాగున్న సిస్టమ్ మధ్యాహ్నం “డొమైన్ దొరకలేదు” అంటుంది, టీ తాగి వచ్చేసరికి దానంతటదే సర్దుకుంటుంది.

సరైన పద్ధతి ఇది. సిస్టమ్‌లకు డొమైన్ కంట్రోలర్ల ఐపీలు మాత్రమే డీఎన్ఎస్‌గా ఇవ్వాలి. బయటి పేర్ల కోసం 8.8.8.8 గానీ, ఇంటర్నెట్ కంపెనీ డీఎన్ఎస్ గానీ సర్వర్‌లోని డీఎన్ఎస్ కన్సోల్‌లో ఫార్వర్డర్‌గా (తనకు తెలియని పేర్లను సర్వర్ అడిగే చోటుగా) పెట్టాలి. రెండు కంట్రోలర్లు ఉంటే ఒక్కోదానికి మొదటి డీఎన్ఎస్‌గా రెండోదాని ఐపీ ఇచ్చి, చివర 127.0.0.1 (అంటే ఆ సర్వరే) ఉంచాలి.

ఇంకో చోట కూడా చూడాలి: బ్రాడ్‌బ్యాండ్ రూటర్. దాని డీహెచ్‌సీపీ (సిస్టమ్‌లకు ఐపీలు పంచే సౌకర్యం) ఆన్‌లో ఉంటే సిస్టమ్‌లకు తన ఐపీనే డీఎన్ఎస్‌గా పంచిపెడుతుంది. రూటర్‌లో డీహెచ్‌సీపీ ఆపి, సర్వర్‌లోనే నడపాలి. ఆప్షన్ 6లో డీఎన్ఎస్, ఆప్షన్ 15లో డొమైన్ పేరు ఇవ్వాలి.

పరీక్షించడానికి ఎన్ఎస్‌లుకప్ తెరిచి, టైప్‌ను ఎస్ఆర్‌వీగా మార్చి, డొమైన్ పేరుకు ముందు ‘_ldap._tcp.dc._msdcs.’ చేర్చి అడగండి. మీ కంట్రోలర్ల పేర్లన్నీ రావాలి. ఒకటి రాకపోతే ఆ సర్వర్‌లో నెట్‌లాగాన్ సర్వీస్ రీస్టార్ట్ చేయండి, రికార్డులను మళ్లీ రాసుకుంటుంది. ఆ తర్వాత సిస్టమ్‌లో డీఎన్ఎస్ క్యాష్ ఫ్లష్ చేయడం మరచిపోవద్దు. “లేదు” అన్న జవాబు కూడా క్యాష్‌లో ఉండిపోతుంది.

అపోహ: లాగిన్ అవుతోంది కదా, డొమైన్ బాగానే ఉన్నట్టే.

వాస్తవం: విండోస్ చివరగా లాగిన్ అయిన 10 మంది వివరాలను మామూలుగా తనలోనే దాచుకుంటుంది. లాన్ కేబుల్ పీకేసినా వాళ్లకు లాగిన్ అవుతుంది. లాగాన్‌సర్వర్ వేరియబుల్‌లో కనిపించే పేరు కూడా పాతదే అయ్యుండొచ్చు, దాన్ని నమ్మవద్దు. కమాండ్ ప్రాంప్ట్‌లో కేలిస్ట్ కొట్టండి. కేఆర్‌బీటీజీటీ పేరుతో ఈరోజు టికెట్ (లాగిన్‌కు కంట్రోలర్ ఇచ్చే రుజువు) కనిపిస్తే నిజంగా కంట్రోలర్‌తో మాట్లాడినట్టు. లిస్టు ఖాళీగా ఉంటే ఆ లాగిన్ దాచుకున్న వివరాలతో జరిగింది. “లాగిన్ అయింది గానీ షేర్డ్ ఫోల్డర్ తెరుచుకోవడం లేదు” అనే ఫిర్యాదులో ముందు చూడాల్సింది ఇదే.

అపోహ: గడియారం పది నిమిషాలు అటూ ఇటూ ఉంటే ఏమవుతుంది?

వాస్తవం: డొమైన్‌లో లాగిన్‌ను నడిపే కెర్బరోస్ అనే పద్ధతి 5 నిమిషాల తేడా వరకే ఒప్పుకుంటుంది. అది దాటితే పాస్‌వర్డ్ సరైనదైనా టికెట్ ఇవ్వదు.

టైం ఇలా దిగుతుంది: సిస్టమ్‌లు కంట్రోలర్ దగ్గర తీసుకుంటాయి, కంట్రోలర్లు పీడీసీ ఎమ్యులేటర్ (డొమైన్‌లో ఒక్క కంట్రోలర్‌కే ఉండే పెద్ద పాత్ర) ఉన్న సర్వర్ దగ్గర తీసుకుంటాయి, ఆ ఒక్క సర్వర్ మాత్రం బయటి నుంచి తీసుకోవాలి. ఆ పాత్ర ఎవరిదో నెట్‌డామ్ క్వెరీ ఎఫ్‌ఎస్ఎంఓ చెబుతుంది. ఆ సర్వర్‌లో డబ్ల్యూ32టీఎం కమాండ్‌తో సోర్స్ అడగండి. ‘లోకల్ సీమాస్ క్లాక్’ అని వస్తే మదర్‌బోర్డు గడియారం మీదే మొత్తం ఆఫీసు నడుస్తోందని అర్థం. హైపర్-వీలో వీఎంగా (ఒక అసలు యంత్రం, అంటే హోస్ట్, లోపల నడిచే సాఫ్ట్‌వేర్ సర్వర్‌గా) నడిచే సర్వర్ అయితే ‘వీఎం ఐసీ టైం సింక్రనైజేషన్’ అని రావచ్చు. అప్పుడు ఆ వీఎం ఇంటిగ్రేషన్ సర్వీసుల్లో టైం సింక్ టిక్ తీసేయాలి. లేకపోతే హోస్ట్ వీఎంను చూసి, వీఎం హోస్ట్‌ను చూసి ఇద్దరూ కలిసి తప్పుతారు.

బయటి సోర్స్‌గా ఎన్‌ఐసీ (కేంద్ర ప్రభుత్వ ఐటీ సంస్థ) వారి సమయ్1, సమయ్2 సర్వర్లు గానీ, నేషనల్ ఫిజికల్ లేబొరేటరీ టైం సర్వర్ గానీ పెట్టండి. 2022 ఏప్రిల్ 28న సెర్ట్-ఇన్ (కేంద్ర సైబర్ భద్రతా సంస్థ) ఇచ్చిన ఆదేశాల్లో ఇదే ఉంది. లాగ్‌లు 180 రోజులు దాచాలన్నదీ అందులోనే ఉంది. ఫైర్‌వాల్‌లో టైం కోసం వాడే యూడీపీ 123 పోర్టు తెరిచి ఉందో లేదో చూసుకోవాలి.

చాలామంది గమనించనిది టైం జోన్. కొత్తగా విండోస్ వేసినప్పుడు పసిఫిక్ జోన్ ఉండిపోతుంది. గడియారం తప్పుగా ఉందని జోన్ మార్చకుండా గంటలు, నిమిషాలు సరిచేస్తారు. కంటికి టైం సరిగ్గానే ఉంటుంది. కానీ కెర్బరోస్ చూసేది యూటీసీని (జోన్‌లతో సంబంధం లేని ప్రపంచ సమయాన్ని), అక్కడ పన్నెండు గంటలకు పైగా తేడా వచ్చేసింది. ముందు జోన్, తర్వాతే టైం.

ఇక బటన్ సెల్. సర్వర్ బోర్డు మీద ఉండే సీఆర్2032 సెల్ 3 వోల్టులది. మల్టీమీటర్‌లో 2.7 కంటే దిగితే మార్చేయండి. అది చచ్చాక కరెంటు పోయి వస్తే తేదీ ఏళ్ల వెనక్కి వెళుతుంది. మామూలు సిస్టమ్ ఎంత తేడానైనా సరిచేసుకుంటుంది గానీ, డొమైన్ కంట్రోలర్ 48 గంటలకు మించిన తేడాను తనంతట తాను దిద్దుకోదు. చేత్తో తేదీ సరిచేసి, ఆ తర్వాత సింక్ చేయించాలి.

అపోహ: ‘ట్రస్ట్ రిలేషన్‌షిప్ ఫెయిల్డ్’ వస్తే డొమైన్‌లోంచి తీసి మళ్లీ కలపడమే దారి.

వాస్తవం: మనుషులకు ఉన్నట్టే ప్రతి సిస్టమ్‌కూ డొమైన్‌లో ఒక పాస్‌వర్డ్ ఉంటుంది. 30 రోజులకోసారి సిస్టమే దాన్ని మార్చుకుంటుంది. పాత ఇమేజ్ ఎక్కించినా, సిస్టమ్ రీస్టోర్ చేసినా, ఒకే పేరుతో రెండు సిస్టమ్‌లు కలిపినా ఆ పాస్‌వర్డ్ సర్వర్‌లో ఉన్నదానితో కలవదు. లోకల్ అడ్మిన్‌తో లాగిన్ అయ్యి, పవర్‌షెల్‌ను అడ్మిన్‌గా తెరిచి, టెస్ట్-కంప్యూటర్‌సెక్యూర్‌చానల్‌కు రిపేర్, క్రెడెన్షియల్ జోడించి కొట్టండి. ‘ట్రూ’ అని వస్తే పని అయిపోయినట్టే. లోకల్ అడ్మిన్ పాస్‌వర్డ్ ఎవరికీ తెలియకపోతే లాన్ కేబుల్ తీసి, ఆ సిస్టమ్‌లో ఇంతకుముందు పనిచేసిన డొమైన్ అడ్మిన్ ఖాతాతో లాగిన్ అయ్యి, అప్పుడు కేబుల్ పెట్టి అదే కమాండ్ కొట్టండి. సర్వర్‌లో ఆ సిస్టమ్ ఆబ్జెక్ట్‌ను తుడిచేసి మళ్లీ కలిపితే కొత్త ఎస్ఐడీ (డొమైన్‌లో దాని గుర్తింపు సంఖ్య) వస్తుంది, దానికున్న గ్రూపులన్నీ పోతాయి.

అపోహ: రెండు డొమైన్ కంట్రోలర్లున్నాయి, రెయిడ్ (ఒక డిస్కు చెడినా డేటా నిలిచేలా డిస్కులను కలిపే పద్ధతి) ఉంది, ఇక బ్యాకప్ ఎందుకు?

వాస్తవం: రెయిడ్ డిస్కు చెడిపోతే కాపాడుతుంది. రెండో కంట్రోలర్ మొదటిది చెడిపోతే కాపాడుతుంది. మనిషి చేసిన తప్పు నుంచి రెండూ కాపాడవు. ఒకే సైట్‌లో (ఒకే చోటి నెట్‌వర్క్‌లో) మార్పు జరిగిన 15 సెకన్లకే పక్క కంట్రోలర్‌కు కబురు వెళుతుంది. మొత్తం ‘అకౌంట్స్’ ఓయూ (యూజర్లు, సిస్టమ్‌లు ఉండే డొమైన్ ఫోల్డర్) పొరపాటున తుడిచేస్తే, మీరు ఫోన్ ఎత్తేలోపే రెండోదాంట్లోనూ పోతుంది.

ముందు యాక్టివ్ డైరెక్టరీ (డొమైన్‌లోని ఖాతాలు, సిస్టమ్‌ల వివరాలన్నీ ఉండే డేటాబేస్) రీసైకిల్ బిన్ ఆన్ చేయండి. ఫారెస్ట్ ఫంక్షనల్ లెవెల్ 2008 ఆర్2 లేదా ఆపైన ఉంటే చాలు. అది దానంతటదే ఆన్‌లో ఉండదు, ఒకసారి ఆన్ చేస్తే మళ్లీ ఆపలేం, ఆపాల్సిన అవసరమూ లేదు. ఆన్ చేయకముందు తుడిచినవాటిని మాత్రం అది పూర్తిగా వెనక్కి తేలేదు.

తర్వాత, డబ్ల్యూబీఅడ్మిన్‌తో రోజూ సిస్టమ్ స్టేట్ బ్యాకప్. రెండు యూఎస్‌బీ డిస్కులు తీసుకోండి, వారం మార్చి వారం వాడండి. ఒకటి ఎప్పుడూ సర్వర్ నుంచి తీసి వేరే చోట ఉండాలి. ఎప్పుడూ గుచ్చి ఉంచిన డిస్కును రాన్సమ్‌వేర్ కూడా లాక్ చేసేస్తుంది. బ్యాకప్‌కూ వయసు ఉంటుంది: టూంబ్‌స్టోన్ కాలం (తుడిచినవాటి గుర్తులను డైరెక్టరీ ఉంచుకునే గడువు), మామూలుగా 180 రోజులు, దాటిన బ్యాకప్‌తో కంట్రోలర్‌ను నిలబెట్టలేం.

వీఎం స్నాప్‌షాట్‌ను బ్యాకప్ అనుకోవడం ఇంకా ప్రమాదం. స్నాప్‌షాట్‌తో వెనక్కి వెళ్లిన సంగతిని కంట్రోలర్ గుర్తుపట్టేలా చేసే వీఎం జనరేషన్ ఐడీ సర్వర్ 2012తో వచ్చింది. అంతకంటే పాత సర్వర్‌లో గానీ, ఆ సౌకర్యం లేని హోస్ట్‌లో గానీ కంట్రోలర్‌ను స్నాప్‌షాట్‌తో వెనక్కి తీసుకెళితే యూఎస్ఎన్ రోల్‌బ్యాక్ (మార్పుల వరుస సంఖ్య వెనక్కి పోవడం) అవుతుంది. డైరెక్టరీ సర్వీస్ లాగ్‌లో ఈవెంట్ 2095 కనిపిస్తుంది, రెప్లికేషన్ (కంట్రోలర్లు మార్పులు పంచుకోవడం) రెండు వైపులా ఆగిపోతుంది. అప్పుడు దాన్ని డిమోట్ చేసి (కంట్రోలర్ పాత్ర తీసేసి) మళ్లీ ప్రమోట్ చేయడమే (ఆ పాత్ర ఇవ్వడమే) మేలు.

అపోహ: నల్లగొండలో కొత్త యూజర్‌ను చేస్తే దేవరకొండ బ్రాంచిలో వెంటనే కనిపించాలి.

వాస్తవం: రెండు ఊళ్లను రెండు సైట్లుగా పెడితే మధ్యలోని సైట్ లింక్ మామూలుగా 180 నిమిషాలకోసారి పనిచేస్తుంది. దాన్ని 15 నిమిషాల వరకు తగ్గించుకోవచ్చు. ఫైబర్ లైన్ ఉంటే తగ్గించడమే మంచిది. పాస్‌వర్డ్ మార్పు మాత్రం వెంటనే పీడీసీ ఎమ్యులేటర్‌కు చేరుతుంది, బ్రాంచిలో పాస్‌వర్డ్ కలవకపోతే అక్కడి కంట్రోలర్ ముందు దాన్ని అడిగి చూస్తుంది. అందుకే పాస్‌వర్డ్ రీసెట్ తొందరగా పనిచేసి, కొత్త గ్రూప్ మాత్రం మూడు గంటల దాకా కనిపించదు.

బ్రాంచిలో లాగిన్ నత్తనడక నడుస్తుంటే, ఆ ఊరి సబ్‌నెట్‌ను (అక్కడి ఐపీల వరుసను) సైట్స్ అండ్ సర్వీసెస్‌లో చేర్చారా చూడండి. చేర్చకపోతే దేవరకొండ సిస్టమ్ నల్లగొండ సర్వర్ దగ్గరికి వీపీఎన్ మీదుగా రావచ్చు. కంట్రోలర్‌లోని నెట్‌లాగాన్ లాగ్‌లో ‘నో క్లయింట్ సైట్’ అన్న మాటతో ఆ ఐపీలన్నీ పడి ఉంటాయి.

అపోహ: ఖాతా పదే పదే లాక్ అవుతోందంటే ఎవరో హ్యాక్ చేస్తున్నారు.

వాస్తవం: కావచ్చు, కానీ ముందు పాత పాస్‌వర్డ్ ఎక్కడ మిగిలిందో వెతకండి. పీడీసీ ఎమ్యులేటర్ సెక్యూరిటీ లాగ్‌లో ఈవెంట్ 4740 తెరిస్తే ఏ సిస్టమ్ నుంచి వస్తోందో పేరుతో సహా ఉంటుంది. ఆ సిస్టమ్‌లో క్రెడెన్షియల్ మేనేజర్, మ్యాప్ చేసిన డ్రైవ్‌లు, షెడ్యూల్డ్ టాస్క్‌లు, ఆ ఖాతాతో నడిచే సర్వీసులు, డిస్కనెక్ట్ చేసి వదిలేసిన రిమోట్ సెషన్లు చూడాలి. యూజర్ ఫోన్‌లోని వైఫై, మెయిల్ కూడా చూడాలి. లాకౌట్ పాలసీనే తీసేయడం పరిష్కారం కాదు. మూడు తప్పులకే లాక్ చేయడమూ అతి. పది దాకా ఇవ్వొచ్చు.

అపోహ: ఇన్వర్టర్ ఉంది, సర్వర్‌కు వేరే యూపీఎస్ దండగ.

వాస్తవం: సర్వర్ పవర్ సప్లై కరెంటు లేకుండా నిలబడేది 16 నుంచి 20 మిల్లీసెకన్లు. ఇంటి ఇన్వర్టర్ కొన్ని మోడ్‌లలో మారడానికి అంతకంటే ఎక్కువ తీసుకుంటుంది. సర్వర్‌కు మారే ఆలస్యమే లేని ఆన్‌లైన్ యూపీఎస్ కావాలి. 1 కేవీఏ, పవర్ ఫ్యాక్టర్ 0.8 అంటే 800 వాట్లు. లోడ్ అందులో 70 శాతం దాటనివ్వొద్దు. యూఎస్‌బీ కేబుల్ కలిపి, బ్యాటరీ సగానికి రాగానే వీఎంలు ఆగి, తర్వాత హోస్ట్ ఆగేలా పెట్టాలి. యూపీఎస్ కొని ఈ కేబుల్ కలపనిచోట, అది చేసేదల్లా దెబ్బను అరగంట వాయిదా వేయడం.

ఎండ సంగతి మన జిల్లాల్లో విడిగా చెప్పుకోవాలి. యాసంగి వడ్లు మిల్లుకు వచ్చే ఏప్రిల్, మే నెలల్లోనే ఎండలూ మండుతాయి, ఊక దుమ్మూ ఎక్కువ. సర్వర్ ముందు భాగంలోకి వెళ్లే గాలి 18 నుంచి 27 డిగ్రీల మధ్య ఉండాలి. గది మధ్యలో కాదు, సర్వర్ ముందు థర్మామీటర్ పెట్టి చూడండి. 25 డిగ్రీల పైన ప్రతి 10 డిగ్రీలకు యూపీఎస్ బ్యాటరీ ఆయుష్షు దాదాపు సగమవుతుంది. సీజన్‌లో పదిహేను రోజులకోసారి సర్వర్ ఆపి బ్లోయర్‌తో దుమ్ము కొట్టాలి. ఫ్యాన్ రెక్కను వేలితో ఆపి కొట్టండి, బ్లోయర్ గాలికి ఊరికే తిరిగితే బేరింగ్ పోతుంది.

అపోహ: ఫైర్‌వాల్ ఆపేస్తే, ఐపీవీ6 తీసేస్తే అన్నీ పనిచేస్తాయి.

వాస్తవం: రెండూ వద్దు. డొమైన్‌కు కావాల్సిన పోర్టులు తెలిసినవే: 53, 88, 123, 135, 389, 445, 464, 636, 3268, ఆపైన 49152 నుంచి 65535. అవి మాత్రం తెరవండి. ఐపీవీ6 తీసేయమని మైక్రోసాఫ్ట్ కూడా చెప్పదు. అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ తెరుచుకోవడం లేదని యూజర్‌ను డొమైన్ అడ్మిన్స్‌లో చేర్చడమూ ఇలాంటిదే. డేటా ఫోల్డర్‌పై మాడిఫై హక్కు ఇస్తే సాధారణంగా సరిపోతుంది.

అపోహ: డొమైన్ అడ్మిన్ పాస్‌వర్డ్ తెలిస్తే ఏదైనా బాగుచేయొచ్చు.

వాస్తవం: కరెంటు దెబ్బకు ఎన్‌టీడీఎస్ (యాక్టివ్ డైరెక్టరీ) డేటాబేస్ చెడిపోతే కంట్రోలర్ నీలి స్క్రీన్ మీద సీ00002ఈ2 చూపించి మళ్లీ మళ్లీ రీస్టార్ట్ అవుతుంది. దాన్ని డైరెక్టరీ సర్వీసెస్ రీస్టోర్ మోడ్ (డీఎస్ఆర్ఎం)లో తెరవాలి. అక్కడ డైరెక్టరీ నడవదు, కాబట్టి డొమైన్ అడ్మిన్ పాస్‌వర్డ్ చెల్లదు. సర్వర్‌ను ప్రమోట్ చేసిన రోజు పెట్టిన డీఎస్ఆర్ఎం పాస్‌వర్డే కావాలి. సర్వర్ బాగున్నప్పుడైతే ఎన్‌టీడీఎస్‌యుటిల్ తెరిచి, సెట్ డీఎస్ఆర్ఎం పాస్‌వర్డ్ అని కొట్టి, రీసెట్ పాస్‌వర్డ్ ఆన్ సర్వర్ నల్ అంటే రెండు నిమిషాల్లో కొత్తది పెట్టొచ్చు. ప్రతి కంట్రోలర్‌కూ విడివిడిగా పెట్టి, కాగితం మీద రాసి, కవర్ అతికించి యజమాని బీరువాలో ఉంచండి.