రాతిలో పుట్టే పాజిట్రాన్, విశ్వంలో మిగిలిన పదార్థం

వరంగల్, కరీంనగర్ ప్రాంతాల గ్రానైటును దగ్గరగా వంగి చూస్తే నల్లని మచ్చల మధ్య లేత గులాబీ, గోధుమ రంగుల పలుకులు మెరుస్తుంటాయి. అవి పొటాషియం ఉన్న ఫెల్డ్‌స్పార్ ఖనిజం. పొటాషియంలో సుమారు పదివేల పరమాణువులకొకటి పొటాషియం-40 రకానిది; దాని విఘటనాల్లో ఇంచుమించు లక్షకొకటి న్యూట్రినో అనే విద్యుదావేశం లేని అతి తేలిక కణాన్ని, దానితోపాటు ఎలక్ట్రాన్‌కు ప్రతికణమైన (అంతే బరువు, వ్యతిరేక ఆవేశం ఉన్న) పాజిట్రాన్‌ను వెలువరిస్తుంది. లెక్క వేస్తే కిలో రాయిలో ఒకటి రెండు నిమిషాలకొక పాజిట్రాన్ పుడుతుంది. పుట్టిన వెంటనే పక్కనున్న ఎలక్ట్రాన్‌ను తాకి, రెండూ గామా కిరణాలై అంతరిస్తాయి. ఓరుగల్లు కోటగోడల్లో కాకతీయుల కాలం నుంచీ ఇదే జరుగుతోంది.

విశ్వం ఆరంభంలో పదార్థమూ, ప్రతికణాలతో కూడిన ప్రతిపదార్థమూ సరిసమానంగా పుట్టి ఉంటే, రెండూ ఇలాగే ఒకదాన్నొకటి హరించి, వెలుగు తప్ప ఏమీ మిగలకూడదు. కానీ రాయి మిగిలింది, మనమూ మిగిలాం. నేడు విశ్వంలో సుమారు 160 కోట్ల ఫోటాన్లకు (కాంతి కణాలకు) ఒక ప్రోటానో న్యూట్రానో ఉంది. అంటే ఆనాడు వంద కోట్ల ప్రతికణాలకు ఎదురుగా కణాలు ఒకటి రెండు మాత్రమే ఎక్కువ ఉన్నాయన్నమాట. వడ్లగింజ బరువు 25 మిల్లీగ్రాములనుకుంటే వంద కోట్ల గింజలు 25 టన్నులవుతాయి. మార్కెట్ యార్డులో అంత బరువు తూచే కాంటా ఒక్క గింజ తేడాను పట్టలేదు. నక్షత్రాలూ మనమూ ఆ ఒక్క గింజలోని వాళ్లమే.

ఈ తేడా రావాలంటే కణాల, ప్రతికణాల ప్రవర్తన ఒకేలా ఉండకూడదని, ఉష్ణ సమతాస్థితి (ప్రతి మార్పూ దాని ఎదురు మార్పుతో సరితూగే స్థితి) తప్పాలని, పదార్థపు లెక్క మారే వీలుండాలని 1967లో సోవియట్ భౌతికశాస్త్రవేత్త ఆంద్రే సఖారోవ్ చెప్పారు. ప్రవర్తనలో తేడా 1964లోనే కేయాన్లనే క్షణికమైన కణాల్లో కనబడింది గానీ, అలాంటి తేడాలు ఇంత పదార్థాన్ని మిగల్చడానికి చాలవు.

1998లో జపాన్‌లోని సూపర్-కామియొకాండే ప్రయోగం న్యూట్రినోలకు ద్రవ్యరాశి ఉందని చూపింది. అది ఎలక్ట్రాన్ ద్రవ్యరాశిలో పది లక్షలో వంతు కూడా లేదు. ఇంత తేలిక ఎందుకు? ప్రతి తేలిక న్యూట్రినో వెనుక ఒక భారీ న్యూట్రినో ఉందని, పిల్లలు చెరోవైపు కూర్చుని ఊగే సీ-సా బల్లలా అటువైపు ఎంత బరువు దిగితే ఇటువైపు అంత తేలికవుతుందని ఒక ప్రతిపాదన. ఆ భారీ కణం ప్రోటాన్ కంటే లక్ష కోట్ల రెట్లు, అంతకంటే కూడా బరువుండవచ్చు. అది తనకు తానే ప్రతికణం కాబట్టి లెప్టాన్లుగానూ (ఎలక్ట్రాన్, న్యూట్రినోల కుటుంబపు కణాలు) ప్రతిలెప్టాన్లుగానూ విడిపోగలదు. ఆదివిశ్వం చల్లబడుతుండగా ప్రతిలెప్టాన్లు కాస్త ఎక్కువగా వెలువడి ఉంటే, అప్పటి వేడిలో బలహీన బలం (ఇలాంటి విఘటనాలను నడిపే ప్రకృతి బలం) ఆ అసమతౌల్యంలో కొంత భాగాన్ని ప్రోటాన్ల, న్యూట్రాన్ల మిగులుగా మార్చి ఉంటుందని 1986లో జపాన్ భౌతికశాస్త్రవేత్తలు ఫుకుగిటా, యనగిడా ప్రతిపాదించారు. రెండు వేర్వేరు చిక్కులకు ఒకే కణం జవాబు కావడమే నన్ను ఈ ఊహవైపు బలంగా లాగుతుంది.

అంత బరువైన కణాన్ని పుట్టించే యంత్రం మనకు లేదు. ఆ ప్రతిపాదన ప్రకారం తేలిక న్యూట్రినో కూడా తనకు తానే ప్రతికణం కావాలి; అందుకే అది నిజమేనా అని పరీక్షిస్తున్నారు. అది నిజమైతే కొన్ని కేంద్రకాలు న్యూట్రినోలేవీ వదలకుండా రెండు ఎలక్ట్రాన్లను ఒకేసారి వెలువరించాలి. జపాన్‌లోని కామియొకా గనిలో జీనాన్ వాయువులో ఒక రకమైన జీనాన్-136ను పెట్టుకుని ఏళ్లుగా ఆ జంట కోసమే కాపు కాశారు. అది ఇంకా కనబడలేదు.